నాటకం కథంతా వచ్చు, విశ్లేషణ మాత్రం రావడం లేదు: పదో తరగతి ఇంగ్లిష్‌లో జూలియస్ సీజర్

పదో_తరగతి_అమ్మ
మా అమ్మాయి హైదరాబాదులో ఐసీఎస్‌ఈ పదో తరగతి చదువుతోంది. ఇంగ్లిష్ సాహిత్యం పేపరులో షేక్‌స్పియర్ రాసిన జూలియస్ సీజర్ నాటకం ఉంది. ఏ అంకంలో ఏ రంగంలో ఏం జరిగిందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అయినా మొన్నటి పరీక్షలో, రోమ్ పాలకుడు సీజర్‌ను బ్రూటస్, అతని తోటి కుట్రదారులు చంపాక, సీజర్ స్నేహితుడు మార్క్ ఆంటొనీ తన ప్రసంగంతో జనాన్ని ఎలా తిప్పుకున్నాడన్న ప్రశ్నకు పేజీన్నర రాస్తే సగం మార్కులు కూడా రాలేదు. జవాబు నేనూ చదివాను. బ్రూటస్ ముందు మాట్లాడాడు, తర్వాత ఆంటొనీ వచ్చాడు, సీజర్ వీలునామా చూపించాడు, జనం తిరగబడ్డారు అని వరసగా రాసి, చివర ఇందులో ఐరనీ (పైకి ఒకటి అంటూ మరొకటి ధ్వనించడం), రిపిటిషన్ (ఒకే మాటను మళ్లీ మళ్లీ అనడం), రెటారికల్ క్వశ్చన్ (జవాబు ఆశించని ప్రశ్న) ఉన్నాయని చేర్చింది. టీచర్ ఎర్ర సిరాతో "కథ చెప్పావు, విశ్లేషించలేదు" అని రాశారు. విశ్లేషించడం అంటే ఏం చెయ్యాలో ఆ పిల్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. నేను కామర్స్ చదివినదాన్ని, నాకూ చెప్పడం రావడం లేదు. నాటకాన్ని ఎలా చదివించాలో తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

గుంటూరు_ఇంగ్లిష్_మాస్టారు
ఇరవై ఏళ్లకు పైగా తొమ్మిది, పది తరగతులకు నాటకం చెబుతున్నాను. మీ అమ్మాయి చేసిన పొరపాటే నా విద్యార్థుల్లో ఎక్కువమంది చేస్తారు. వాళ్లు నాటకాన్ని నవల చదివినట్టు, ఏం జరిగింది అన్న ప్రశ్నతో చదువుతారు. నాటకంలో ప్రతి మాటనూ ఒకరు మరొకరిపై ఒక పని జరగడానికి ప్రయోగిస్తారు. అందుకని నా తరగతిలో పిల్లలు ప్రతి పంక్తి పక్కన, పెన్సిలుతో, తెలుగులోనైనా సరే, ఒక క్రియ రాయాలి. బతిమాలుతున్నాడు, రెచ్చగొడుతున్నాడు, దాస్తున్నాడు, పరీక్షిస్తున్నాడు, తప్పించుకుంటున్నాడు, ఇలా. "బాధగా ఉన్నాడు" అని రాస్తే ఒప్పుకోను, ఎందుకంటే అది స్థితి అవుతుంది గాని పని కాదు.

మీరడిగిన రంగాన్నే తీసుకుందాం. బ్రూటస్ తన ప్రసంగాన్ని "రోమన్స్, కంట్రీమెన్, అండ్ లవర్స్" అని మొదలుపెడతాడు. ఆంటొనీ "ఫ్రెండ్స్, రోమన్స్, కంట్రీమెన్" అని మొదలుపెడతాడు. ఒకడు జనాన్ని ముందు పౌరులుగా పిలిచి ఆత్మీయతను చివరికి ఉంచాడు, రెండోవాడు ముందే స్నేహితులని దగ్గరకు తీసుకున్నాడు. పిలుపులోని మాటల వరస మీదనే ఒక మంచి పేరా రాయవచ్చు.

ఆంటొనీ ఏ షరతుల మీద మాట్లాడుతున్నాడో కూడా పిల్లలు మరిచిపోతారు. హంతకులను నిందించకూడదు, సీజర్ గురించి ఎంత మంచైనా చెప్పుకోవచ్చు, మా అనుమతితోనే మాట్లాడుతున్నానని చెప్పాలి, నా తర్వాతే మాట్లాడాలి అని బ్రూటస్ ముందు రంగంలోనే కట్టుబాటు పెట్టాడు. ప్రసంగం మొదటి భాగంలో ఆంటొనీ ఆ షరతుల్లో ఒక్కదాన్ని కూడా అక్షరాలా మీరడు. నిందించకూడదు కాబట్టి పొగుడుతాడు. బ్రూటస్ గౌరవనీయుడు అన్న మాట మొదటిసారి వచ్చినప్పుడు అది మర్యాదగానే వినిపిస్తుంది. సీజర్ బందీలను తెచ్చి వాళ్ల విడుదల సొమ్ముతో ఖజానా నింపాడు, పేదలు ఏడిస్తే తానూ ఏడ్చాడు, కిరీటాన్ని మూడుసార్లు కాదన్నాడు అన్న ఒక్కొక్క సాక్ష్యం తర్వాత అదే మాట మళ్లీ వస్తుంటే దాని అర్థం కొంచెం కొంచెంగా తలకిందులవుతుంది. చివరికి నాలుగో పౌరుడే "వాళ్లు ద్రోహులు, గౌరవనీయులట!" అని అరుస్తాడు. ఆంటొనీ అనకూడని మాటను జనం చేత అనిపించాడు. మీ అమ్మాయి "రిపిటిషన్ ఉంది" అని రాసినచోట ఈ నాలుగు వాక్యాలు రాసి ఉంటే టీచర్ ఎర్ర సిరా వాడి ఉండేవారు కాదు.

విశాఖ_పాఠకురాలు
అయితే రిపిటిషన్, ఐరనీ వంటి పేర్లు రాయనక్కర లేదా? మా అబ్బాయి బడిలో ఆ పేర్ల పట్టిక ఇచ్చి బట్టీ పట్టిస్తున్నారు.

గుంటూరు_ఇంగ్లిష్_మాస్టారు
పేరు రాయడం తప్పు కాదు, పేరు దగ్గర ఆగిపోవడం తప్పు. పేరు రాసిన వెంటనే "దానివల్ల ఎదుటివాడిలో ఏం మారింది, ప్రేక్షకుడికి ఏం తెలిసింది" అని పిల్లవాడు తనను తాను అడగాలి. జవాబు దొరకకపోతే ఆ పేరును కొట్టేయమని చెబుతాను.

తెనాలి_రంగస్థలం
మాది పద్యనాటకాల కుటుంబం. మా తాతగారు కృష్ణుడి వేషం కట్టేవారు, నాన్నగారు హార్మోనియం వాయించేవారు. మాస్టారు చెప్పినదానికి ఒక విషయం చేర్చాలనుకుంటున్నాను, ఎందుకంటే తెలుగు పిల్లలకు ఇది చాలా సులువుగా అందుతుంది.

ఆ రంగంలో బ్రూటస్ వచనంలో మాట్లాడతాడు, ఆంటొనీ పద్యంలో మాట్లాడతాడు. ఇంగ్లిష్ గైడ్లలో దీన్ని ఒక్క వాక్యంలో ముగిస్తారు. మనకు మాత్రం వచనం నుంచి పద్యానికి వెళ్లడం అంటే ఏమిటో చెవులకు తెలుసు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలో కృష్ణరాయబారం చూసినవారికి, సభలో వచనంగా సాగుతున్న మాట "చెల్లియొ చెల్లకో" అని ఎత్తుకునే క్షణంలో ప్రేక్షకుల్లో వచ్చే కదలిక గుర్తుండే ఉంటుంది. సంధి చేస్తావా, రేపు యుద్ధానికి వస్తావా తేల్చి చెప్పమని ఆ పద్యం ధృతరాష్ట్రుణ్ణి ఒక్కడినే అడుగుతుంది, కాని వినేది సభ అంతా. వచనంలో వాదిస్తాం, పద్యంలో కదిలిస్తాం. బ్రూటస్ తన కారణాలను తూకం వేసినట్టు సమంగా పేర్చి వాదించాడు, జనం ఒప్పుకున్నారు కూడా. ఆంటొనీ లయతో వాళ్ల శరీరాలను పట్టుకున్నాడు.

లయ విషయానికి వస్తే, అయాంబిక్ పెంటామీటర్ అన్న పేరు విని పిల్లలు బెదిరిపోతారు. మన వగణాన్ని, అంటే లఘువు పక్కన గురువును, ఐదుసార్లు పేర్చితే దానికి దగ్గరగా ఉంటుందని చెప్పండి. మనది అక్షరం పలికే కాలాన్ని బట్టి, వాళ్లది అక్షరం మీద వేసే ఊనికను బట్టి అన్న తేడా మాత్రం తప్పక చెప్పాలి. "ఐ కమ్ టు బరీ సీజర్, నాట్ టు ప్రైజ్ హిమ్" అన్న పాదానికి చప్పట్లు వేసి చూడమనండి, ఊనికలు చక్కగా పడతాయి, చివర ఒక అక్షరం మిగులుతుంది. దానికి ముందు వచ్చే "ఫ్రెండ్స్, రోమన్స్, కంట్రీమెన్" దగ్గర మాత్రం చప్పట్లు కుదరవు, ఎందుకంటే మొదటి అక్షరమే ఊనికతో పడుతుంది. గోల చేస్తున్న జనాన్ని ఆపడానికి ఆ పిలుపు లయను బద్దలు కొట్టి, వాళ్లు చెవి ఒగ్గాక నడకలో పడుతుంది. ఇది నటుడికి రచయిత ఇచ్చిన సూచన. రంగ సూచనలు అతి తక్కువగా రాసిన షేక్‌స్పియర్ దగ్గర ఇలాంటి సూచనలన్నీ మాటల్లోనే దాగి ఉంటాయి.

శ్రీకాకుళం_ట్యూషన్
అందరూ చెబుతున్నది వినడానికి బాగుంది, కాని పరీక్షను మరిచిపోతున్నారు. సాహిత్యం పేపరు 80 మార్కులకు, రెండు గంటలు. అందులో నాటకం, కథలు, కవితలు అన్నీ ఉంటాయి. ఇచ్చిన పంక్తులను చూసి వగణాలకు చప్పట్లు కొట్టే వ్యవధి పిల్లవాడికి ఎక్కడుంది? నేను పిల్లలకు ఒక చట్రం ఇస్తాను. మొదటి వాక్యంలో విషయం, రెండో వాక్యంలో నాటకంలోని మాట, మూడో వాక్యంలో దాని ప్రభావం. దాన్ని వంద సార్లు రాయిస్తాను. సగటు విద్యార్థి కూడా ఒడ్డున పడుతున్నాడు. వచనం, పద్యం గురించి కూడా ఒకే సూత్రం ఇస్తాను: పెద్దలు పద్యంలో మాట్లాడతారు, సామాన్యులు వచనంలో మాట్లాడతారు.

తెనాలి_రంగస్థలం
ఆ సూత్రం ఈ నాటకంలోనే నిలబడదండీ. మొదటి రంగంలో చెప్పులు కుట్టేవాడు వచనంలో మాట్లాడతాడు, నిజమే. కాని బ్రూటస్ రోమ్‌లో అందరూ గౌరవించే పెద్దమనిషి, అతని ముఖ్యమైన ప్రసంగమే వచనం. కుట్రదారుల్లో ఒకడైన కాస్కా కూడా సామాన్యుడు కాదు. కిరీటం కథను వెటకారంగా చెప్పేటప్పుడు అతను వచనంలో ఉంటాడు, ఆ వెంటనే వచ్చే రంగంలో ఉరుములు మెరుపులకు భయపడి పరుగెత్తుకొచ్చినప్పుడు పద్యంలోకి వెళతాడు. మనిషి మారలేదు, అతని గుండె వేగం మారింది. అందుకే "ఎవరు పద్యంలో మాట్లాడుతున్నారు" అని కాకుండా "ఎప్పుడు మారారు, ఎందుకు మారారు" అని పిల్లలను అడిగించాలి.

శ్రీకాకుళం_ట్యూషన్
కాస్కా విషయం నేను గమనించలేదు. ఆ సూత్రాన్ని ఇకపై చెప్పను. చట్రం మాత్రం వదలను.

రీడింగ్_రమ
మేము ఇంగ్లండ్‌లో రీడింగ్ పట్టణంలో ఉంటున్నాం. మా అబ్బాయి ఇక్కడి పదో తరగతి లాంటి జీసీఎస్‌ఈ పరీక్షకు మాక్బెత్‌తో పాటు జె.బి. ప్రీస్ట్లీ 1945లో రాసిన ఆన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్ చదివాడు. ఇక్కడ పరీక్ష హాలులోకి పుస్తకం తీసుకువెళ్లనివ్వరు. అందువల్ల పొడుగాటి ఉల్లేఖనలు కాకుండా, రెండు మూడు మాటల ముక్కలను గుర్తుంచుకుని ఒక్కొక్క ముక్క మీద ఎంత రాయగలమో సాధన చేయిస్తారు.

చట్రం గురించి మా అనుభవం చెబుతాను. శ్రీకాకుళంగారు చెప్పినలాంటి దానితోనే మా అబ్బాయి కూడా మొదలుపెట్టాడు. మొదటి ఏడాది అది పిల్లవాడిని నిలబెట్టింది. రెండో ఏడాది అదే వాడిని ఆపేసింది, ఎందుకంటే ప్రతి పేరాలోనూ మూడో వాక్యం "ఇది ప్రేక్షకులలో ఆసక్తిని కలిగిస్తుంది" అని వచ్చేది. ఆ వాక్యాన్ని ఏ నాటకానికైనా అతికించవచ్చు. అలా ఎక్కడైనా అతికే వాక్యం కనిపిస్తే చెరిపేయమని వాడి టీచర్ చెప్పారు, అక్కడి నుంచి వాడి రాత మారింది.

వాడికి దారి చూపినవి రంగ సూచనలు. ప్రీస్ట్లీ షేక్‌స్పియర్‌లా కాదు, అన్నీ రాసి పెడతాడు. మొదట భోజనాల గదిలో దీపాల వెలుగు గులాబీ రంగులో, సన్నిహితంగా ఉండాలని, ఇన్‌స్పెక్టర్ వచ్చాక అది మరింత ప్రకాశంగా, కఠినంగా మారాలని సూచన ఉంది. ఆయన ఇంకా ఎవరినీ ప్రశ్నించకముందే దీపం ఆ కుటుంబాన్ని ప్రశ్నించడం మొదలుపెట్టింది. ఈ మాట మా అబ్బాయే అన్నాడు, నేను చెప్పలేదు. నాటకం 1912లో జరుగుతుంది, చూసేవారు రెండు ప్రపంచ యుద్ధాలు దాటినవారు. యుద్ధం రాదని, టైటానిక్ మునగదని ఆ ఇంటి యజమాని బర్లింగ్‌గారు బల్ల గుద్ది చెబుతుంటే హాలులో ఒక్కరైనా ఆయన్ను నమ్మి ఉంటారా? డ్రమాటిక్ ఐరనీ (పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి తెలిసి ఉండడం) అన్న మాటకు నిర్వచనం బట్టీ పట్టడం కంటే, ప్రేక్షకుల సీటులో కూర్చుని ఆ మాటలు వినడం వాడికి ఎక్కువ ఉపయోగపడింది.

శ్రీకాకుళం_ట్యూషన్
రమగారూ, "ఎక్కడైనా అతికే వాక్యం" అన్న పరీక్ష చాలా బాగుంది. మా పిల్లల జవాబులకు రేపే పెట్టి చూస్తాను. అయితే మొదటి ఏడాది చట్రం నిలబెట్టిందని మీరే ఒప్పుకున్నారు కదా. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో ఇంగ్లిష్ వినే అవకాశం లేనివారు. వాళ్లకు ఊతకర్ర ఇవ్వకుండా పరుగెత్తమనడం న్యాయం కాదు.

అనంతపురం_నాన్న
నేను మా అమ్మాయికి మార్లన్ బ్రాండో ఆంటొనీగా నటించిన 1953 నాటి సినిమా చూపించాను. ఆసక్తి పెరిగింది. కాని పరీక్షలో ఆంటొనీ ముఖంలో మెదిలిన భావం గురించి రాసి వచ్చింది. నాటకంలో అలాంటిది లేదని టీచర్ కొట్టేశారు. సినిమా చూపించడం తప్పా?

గుంటూరు_ఇంగ్లిష్_మాస్టారు
తప్పు కాదు, ఒక్కటే చూపించి ఆపడం వల్ల ఇబ్బంది వస్తుంది. ఒక్క ప్రదర్శనే చూసిన పిల్లకు అదే నాటకం అనిపిస్తుంది. ఒకే రంగాన్ని ఇద్దరు నటులు చేసినది పక్కపక్కన చూపిస్తే, ఒకే మాటను రెండు రకాలుగా అనవచ్చునని తెలుస్తుంది. ఆ రెండింటికీ నాటకంలో ఏ మాట ఆధారమో వెతకమని అడగండి. అంతకుముందు రంగాన్ని ఇంట్లో గట్టిగా చదివించడం మరీ ముఖ్యం.

పదకొండులోకి_వచ్చాను
నేను పోయిన ఏడాదే ఈ నాటకంతో పదో తరగతి పరీక్ష రాశాను. చదివేటప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది, ఎక్కడా రాయలేదు, ఇక్కడ అడుగుతున్నాను. ఆంటొనీ సీజర్ పై వస్త్రాన్ని ఎత్తి చూపిస్తూ, ఇదిగో ఇక్కడ కాసియస్ బాకు దిగింది, ఇక్కడ కాస్కా చీల్చాడు, ఇక్కడ బ్రూటస్ పొడిచాడు అని ఒక్కొక్క చిరుగునూ చూపిస్తాడు. కాని హత్య జరిగేటప్పుడు ఆంటొనీ అక్కడ లేడు కదా! కుట్రదారుల్లో ఒకడైన ట్రెబోనియస్ అతన్ని ముందే పక్కకు తీసుకువెళ్లాడు. ఏ చిరుగు ఎవరిదో అతనికి ఎలా తెలుసు?

గుంటూరు_ఇంగ్లిష్_మాస్టారు
అమ్మా, నీ ప్రశ్న చదివి లేచి నిలబడ్డాను. అతనికి తెలియదు, కల్పిస్తున్నాడు. జనంలో ఒక్కరికీ ఆ అనుమానం రాదు, ఎందుకంటే అప్పటికే వాళ్ల కళ్ల నిండా నీళ్లు ఉన్నాయి. ఆ రంగం ముందు నుంచి చూస్తున్న మనకు మాత్రం తెలుసు. ఒక పాత్ర చెప్పిన మాటను ప్రేక్షకుడు తన కళ్లతో చూసినదానితో సరిపోల్చడమే నాటక విశ్లేషణలో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించే పని. నువ్వు దాన్ని ఎవరూ నేర్పకుండా చేశావు. ఇకపై అనుమానం వస్తే జవాబులో రాయి, దాచుకోకు.

తెనాలి_రంగస్థలం
ఆ వస్త్రం చూపించడానికి ముందు ఆంటొనీ ఎక్కడ ఉన్నాడో కూడా చూడు తల్లీ. వేదిక మీద ఉన్నవాడు "దిగిరానా, అనుమతి ఇస్తారా" అని జనాన్ని అడిగి కిందికి దిగి, శవం చుట్టూ వాళ్లను వలయంగా నిలబెడతాడు. మొదట బ్రూటస్ ఇచ్చిన అనుమతితో ఎక్కినవాడు ఇప్పుడు జనం ఇచ్చిన అనుమతితో దిగాడు. ఎక్కడం, దిగడం కూడా అర్థాలే.

విజయనగరం_వాసి
ఇంతసేపూ ఇంగ్లిష్ నాటకమే మాట్లాడుతున్నారు. పిల్లలకు ఈ పద్ధతిని ముందు తెలుగులో నేర్పితే భాష భయం ఉండదని నా అభిప్రాయం. గురజాడ కన్యాశుల్కం మొదటి రంగం తీసుకోండి. గిరీశం ఒంటరిగా ఉన్నప్పుడు పూటకూళ్లమ్మ డబ్బు వాడేసిన సంగతి తానే చెప్పుకుంటాడు. వెంకటేశం రాగానే గొంతు మారి, తనతో మాట్లాడడమే ఒక ఎడ్యుకేషన్ అంటాడు. స్వగతంలోని మనిషికి, ఎదుటివాడి ముందు నిలబడిన మనిషికి మధ్య ఉన్న దూరం ఒక్క పేజీలో కనిపిస్తుంది. ఆ దూరాన్ని కొలవడం వచ్చిన పిల్లకు బ్రూటస్ తోటలో చెప్పుకునే స్వగతం కష్టం కాదు.

విశాఖ_పాఠకురాలు
మీ అభిప్రాయంతో సగమే ఏకీభవిస్తాను. తెలుగు తరగతిలో కూడా నాటకాన్ని సారాంశం, పాత్ర స్వభావం అని రెండు ప్రశ్నలతోనే ముగిస్తున్నారు కదా. అక్కడ లేని పద్ధతి తెలుగులో చెప్పినంత మాత్రాన ఎలా వస్తుంది? పైగా "ఫ్రెండ్స్" ముందు వచ్చిందా "రోమన్స్" ముందు వచ్చిందా అన్నది ఆ భాషలో చదివితేనే తెలుస్తుంది. షేక్‌స్పియర్ నాటకాలు 19వ శతాబ్దంలోనే తెలుగులోకి వచ్చాయి, వాటిని నేను గౌరవిస్తాను, కాని పరీక్షలో విశ్లేషించవలసింది మూలంలోని మాటనే.

విజయనగరం_వాసి
మూలాన్ని వదలమని నేను అనలేదు. గట్టు మీద ఈత నేర్పి చెరువులోకి దింపమన్నాను.

గుంటూరు_ఇంగ్లిష్_మాస్టారు
గట్టు మీద ఈత రాదు గాని, లోతు తక్కువ ఉన్నచోట నేర్పవచ్చు. కన్యాశుల్కం మొదటి రంగాన్ని నేనూ వాడుకుంటాను.

చరిత్ర_చెప్పే_మనిషి
సందర్భం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చెబుతున్నాను. థామస్ ప్లాటర్ అనే స్విట్జర్లాండ్ యాత్రికుడు 1599 సెప్టెంబరు 21న లండన్‌లో సీజర్ మీద ఒక నాటకం చూసినట్టు రాసుకున్నాడు, అది ఇదేనని పండితులు సాధారణంగా భావిస్తారు. అప్పటికి ఎలిజబెత్ రాణికి 66 ఏళ్లు, పిల్లలు లేరు, వారసుడెవరో ప్రకటించలేదు. పాలకుడు పోతే దేశం ఏమవుతుంది అన్న ప్రశ్న ఆ ప్రేక్షకులకు రోమ్ చరిత్ర కాదు, వాళ్ల సొంత భయం. ఇది రాయకుండా విశ్లేషణ పూర్తి కాదు.

రీడింగ్_రమ
ఆ సమాచారమంతా నిజమే, విలువైనదే. కాని మా అబ్బాయి తరగతిలో చాలామంది దాన్ని జవాబు మొదట్లో ఒక పేరాగా దించేసి, తర్వాత మళ్లీ ముట్టుకోరు. అలా రాస్తే ఉపయోగం ఉండదని టీచర్లు చెబుతారు. వారసుడు లేని భయం గురించి రాయాలంటే, సీజర్ తన భార్య కల్పూర్నియాకు సంతానం కలగాలని పరుగుపందెంలో ఆమెను తాకమని ఆంటొనీకి చెప్పే చోట రాయాలి. అక్కడ ఆ సందర్భం ఆ మాటలోంచి పుడుతుంది.

చరిత్ర_చెప్పే_మనిషి
ఆ పంక్తిని నేను ఎప్పుడూ అలా చూడలేదు. మీ మాట సరైనది.

పదకొండులోకి_వచ్చాను
కల్పూర్నియా గురించి ఇంకొక సంగతి చెప్పవచ్చా? రెండో అంకంలో పీడకల కని సీజర్‌ను సభకు వెళ్లవద్దని ఆపుతుంది. ఒంట్లో బాగోలేదని చెప్పించమంటుంది. తర్వాత మరో కుట్రదారుడు డెసియస్ వచ్చి ఆ కలకు మంచి అర్థం చెబుతాడు. సీజర్ "నీ భయాలు ఇప్పుడు ఎంత తెలివితక్కువగా కనిపిస్తున్నాయి, కల్పూర్నియా" అని అందరి ముందు అంటాడు. ఆమె జవాబు చెప్పదు. అంతటితో నాటకంలో ఆమెకు ఒక్క మాట కూడా లేదు. మాట లేని పాత్ర గురించి జవాబులో రాయవచ్చా?

గుంటూరు_ఇంగ్లిష్_మాస్టారు
తప్పకుండా రాయవచ్చు. పుస్తకం చదివేవాడు మౌనంగా ఉన్నవారిని మరిచిపోతాడు, ఎందుకంటే పేజీలో వాళ్ల పేరు కనిపించదు. ప్రేక్షకుడు మరిచిపోలేడు, వాళ్లు కళ్ల ముందే నిలబడి ఉంటారు. సీజర్ ఆ మాట అన్నప్పుడు ఆమె ఎటు చూసింది, దుస్తులు తెమ్మంటే ఎవరు తెచ్చారు అని ఊహించి, ఆ ఊహకు నాటకంలో ఆధారం చూపిస్తే అది మంచి జవాబు. నా విద్యార్థుల చేత ప్రతి రంగానికి ఒక బొమ్మ గీయిస్తాను: వేదిక మీద ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరు వింటున్నారు, ఎవరు మాట్లాడడం లేదు. బొమ్మ బాగా రాకపోయినా పరవాలేదు, మనుషుల లెక్క సరిపోవాలి.

పదో_తరగతి_అమ్మ
మీ అందరి మాటలు అచ్చు వేసి మా అమ్మాయికి ఇచ్చాను. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఆ రంగం చదివాం. మా వారు బ్రూటస్, మా అమ్మాయి ఆంటొనీ, నేను, మా అత్తగారు రోమ్ పౌరులం. అత్తగారికి ఇంగ్లిష్ రాదు కాబట్టి పౌరుల మాటలను మా అమ్మాయి తెలుగులో రాసి ఇచ్చింది. ఆంటొనీ వీలునామా ఉందని చెప్పి, చదవనంటాడు కదా. అక్కడ ఆవిడ కాగితం పక్కన పెట్టేసి "చదవవే, చదవకుండా ఊరించడమెందుకు, మాకేం రాశాడో చెప్పు" అని గట్టిగా అడిగారు. మా అమ్మాయి ఒక్క క్షణం ఆగిపోయింది. "అమ్మా, మీరు వారసులని మీకు తెలియకపోవడమే మంచిదని చెబుతూనే ఆంటొనీ ఆ సంగతి చెప్పేశాడు, నానమ్మ సరిగ్గా అక్కడే చిక్కింది" అంది.

తర్వాత తనే ఇంకొకటి పట్టుకుంది. మొదట్లో పౌరులు ఆలోచించి పూర్తి వాక్యాల్లో మాట్లాడతారు. చివరికి వచ్చేసరికి "ప్రతీకారం, వెతకండి, కాల్చండి, చంపండి" అని ఒక్కొక్క మాటే అరుస్తారు. మనుషుల్లో ఆలోచన పోతున్న కొద్దీ వాక్యాలు కూడా విరిగిపోయాయని రాసింది. ఆ వెంటనే వచ్చే చిన్న రంగంలో అదే జనం సిన్నా అనే కవిని, కుట్రదారుల్లో ఒకడి పేరు అతనికీ ఉన్నందుకు చంపేస్తారు. ఇదివరకు ఆ రంగాన్ని అనవసరమని వదిలేసేది. ఇప్పుడు ఆంటొనీ ప్రసంగానికి అసలు ఫలితం అదేనంటోంది.

శ్రీకాకుళం_ట్యూషన్
మీ అమ్మాయి ఆ "విరిగిన వాక్యాలు" అన్న మాటను ఏ చట్రంలో రాసినా మార్కులు వస్తాయి. మా దగ్గర కూడా వారానికి ఒకరోజు గట్టిగా చదివించడం మొదలుపెడుతున్నాను. మూడు వాక్యాల చట్రం మాత్రం మొదటి మూడు నెలలు ఉంటుంది, ఆ తర్వాత తీసేస్తాను.

రీడింగ్_రమ
మూడు నెలల తర్వాత తీసేస్తానన్న ఆ ఒక్క మాటతో మన ఇద్దరి మధ్య తగాదా తీరిపోయింది.

పదో_తరగతి_అమ్మ
అదే ప్రశ్నకు మా అమ్మాయి మళ్లీ రాసిన జవాబులో ఒక పేరాను తెలుగులో పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి. "ఆంటొనీ బ్రూటస్‌ను గౌరవనీయుడని అంటూ అతనికి ఇచ్చిన మాటను నిలబెట్టుకుంటున్నట్టు కనిపిస్తాడు. కాని పదేపదే ఆ మాటకు ముందు సీజర్ చేసిన ఒక మంచి పనిని ఉంచుతాడు, దానివల్ల వినేవారు రెండింటినీ పోల్చక తప్పదు. నిందించేది తాను కాదు, పోల్చిన జనమే. అందుకే వాళ్లు ఆ కోపం తమ సొంతమనుకుంటారు." ఇప్పుడు తను రెండో అంకంలో బ్రూటస్ స్వగతం మొదలుపెట్టింది. అతను మొదటే "అతని మరణంతోనే జరగాలి" అని తేల్చేసి, కారణాలు తర్వాత వెతుక్కుంటున్నాడెందుకు అని అడుగుతోంది.

గుంటూరు_ఇంగ్లిష్_మాస్టారు
పేరా చాలా బాగుంది. చివరి వాక్యానికి ఆధారంగా నాలుగో పౌరుడి అరుపును చేర్చమనండి. స్వగతం గురించి తను అడిగినది సరైన ప్రశ్న. ఆ పంక్తుల్లో "మే", "మైట్" అన్న మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో పెన్సిలుతో గుండ్రంగా చుట్టమనండి. సీజర్ ఇప్పటివరకు చేసిన తప్పు ఒక్కటైనా బ్రూటస్ చెప్పగలిగాడా అని వెతకమనండి. చుట్టినవి లెక్కపెట్టాక ఏం అనిపించిందో ఇక్కడ రాయమనండి, ఎదురుచూస్తుంటాను.

పదో_తరగతి_అమ్మ
చుడుతోంది మాస్టారూ. ఈ ఆదివారం తనకు కల్పూర్నియా వేషం కావాలని మా అత్తగారు అడుగుతున్నారు. మాటలు తక్కువైనా సరేనట.